మ్యాప్ చెప్పేది కారు లెక్క, మనకు కావాల్సింది కుక్క లెక్క

నమస్తే అందరికీ. ఇవాళ వీడియో నల్గొండలో మా ఇంటి మిద్దె మీద తీస్తున్నాను. పండక్కి వచ్చాను. పొద్దున 7 అవుతోంది, పానగల్ వైపు సన్నగా మంచు కమ్ముకుని ఉంది. మా అమ్మ స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, చెవులకు గుడ్డ కట్టుకుని, "గీ చలిల మిద్దె మీద ఏం పని బిడ్డా" అని కింది నుంచి అరుస్తోంది. ఫోన్‌లో చూస్తే 16 డిగ్రీలు. పోయిన ఏడాది జనవరిలో నేను కెనడాలో మైనస్ 27లో, ఒక పెట్రోల్ బంకు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మా కుక్క కాలివేళ్ల సందుల్లో గడ్డకట్టిన మంచు పీకుతున్నాను.

ఆ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న జడ్చర్ల తమ్ముడు ఒకతను ఫోన్ చేశాడు. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాడు. కాల్గరీలో ఉద్యోగం వచ్చింది, ఫిబ్రవరి మధ్యలో చేరాలి. తను, భార్య, ఒక లాబ్రడార్. సామాను లారీలో పంపిస్తున్నారు, కారు మాత్రం వీళ్లే నడుపుకుంటూ పోవాలి. కుక్కను విమానం సరుకుల అరలో వేయడానికి ఆ అమ్మాయికి మనసొప్పలేదు. "అన్నా, మ్యాప్‌లో 35 గంటలు చూపిస్తోంది. ఇద్దరం మార్చుకుంటూ రోజుకు 12 గంటలు నడిపితే మూడు రోజుల్లో కొట్టేస్తాం కదా?" అన్నాడు. ఇది ఫోన్‌లో తెగే ముచ్చట కాదురా, వీడియోనే చేస్తా అన్నాను.

మూడు రోజుల్లో కొట్టలేవు తమ్ముడూ. కొట్టినా ఆ కుక్క మళ్లీ జన్మలో కారెక్కదు.

మా అమ్మమ్మ వాళ్లది అచ్చంపేట దగ్గర ఊరు. ఎండలు ముదిరితే అక్కడి గొల్లకురుమలు గొర్ల మందలు తోలుకుని నీళ్లు, మేత ఉన్న చోటికి పోతారు. వెంట కుక్కలు, భుజం మీద గొంగడి. చిన్నప్పుడు ఒక పెద్దాయనను అడిగాను, "తాతా, ఇయ్యాల ఎంత దూరం పోతరు?" అని. నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసి, "యాడ నీళ్లుంటే ఆడిదాక" అన్నాడు. దూరం ముందు అనుకుని నడిచేవాళ్లు కారు వాళ్లు. జీవాలతో నడిచేవాళ్లు మజిలీ ముందు అనుకుంటారు. పోయిన ఏడాది నేను ఇదే దారిలో బొగ్గుతో పోయినప్పుడు ఈ లెక్కే పట్టుకున్నాను. బొగ్గు అంటే మా కుక్క. నల్లటి లాబ్రడార్, 31 కిలోలు. పేరు మా అమ్మే పెట్టింది, వీడియో కాల్‌లో చూసి.

టొరంటో నుంచి కాల్గరీకి కెనడా లోపలి నుంచే పోతే దగ్గర దగ్గర 3,400 కిలోమీటర్లు. మేము ఇట్లా విడగొట్టుకున్నాం. మొదటి రోజు సడ్‌బరీ, 400. రెండో రోజు సూ సెయింట్ మేరీ దాటి వావా. మూడో రోజు థండర్ బే. నాలుగు కెనోరా. ఐదో రోజు విన్నిపెగ్, కావాలనే 200 కిలోమీటర్లే, మధ్యాహ్నానికే చేరి పడుకోవడానికి. ఆరు రెజీనా, ఏడు మెడిసిన్ హాట్, ఎనిమిది కాల్గరీ. ఎనిమిది రోజులు బండి నడపడానికి, ఇంకో రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండటానికి. ఆ రెండు రోజుల గురించే నేను ఎక్కువ చెప్పాలి. ప్లాన్‌లో అసలు పనికొచ్చిన భాగం అదే.

సూ సెయింట్ మేరీ దాటాక లేక్ సుపీరియర్ ఒడ్డు వెంట రోడ్డు ఉంటుంది చూడండి, థండర్ బే దాకా దాదాపు 700 కిలోమీటర్లు. ఒక పక్క సముద్రమంత సరస్సు, ఇంకో పక్క అడవి, మధ్యలో ఎక్కువ చోట్ల రెండు లేన్లు. మన విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటితే చిట్యాల, చిట్యాల దాటితే చౌటుప్పల్, అడుగుకో హోటల్, చాయ్. అక్కడ వావా నుంచి మారథాన్ దాకా 180 కిలోమీటర్లకు పైనే, మధ్యలో వైట్ రివర్ అని ఒక్క చిన్న ఊరు. సరస్సు మీద నుంచి లేచిన మబ్బు ఎప్పుడు మంచు కుమ్మరిస్తుందో చెప్పలేం. కుమ్మరిస్తే రోడ్డు మూసేస్తారు. చుట్టు తిరిగి పోదామంటే వేరే దారి చాలా చోట్ల లేదు. నిపిగాన్ దగ్గర నది మీద వంతెన ఉంది. తూర్పు కెనడాను, పడమటి కెనడాను కలిపే రోడ్డు అక్కడ ఆ ఒక్కటే. 2015 నవంబర్‌లో కొత్త వంతెన మీద బండ్లు వదిలారు, 2016 జనవరి 10న దాని ఒక పక్క 60 సెంటీమీటర్ల దాకా పైకి లేచింది. అంతే, దేశం రోడ్డు మీద రెండు ముక్కలైంది. మర్నాడు ఒక లేన్ తెరిచారు అనుకోండి. అక్కడ "ఇంకో రూట్ చూద్దాం" అనే మాట చెల్లదని చెప్పడానికి ఇది చెప్పాను.

మాకు వావాలో ఆగిపోయింది. పొద్దున లేచి ఫోన్‌లో ఒంటారియో 511 చూస్తే ముందు రోడ్డు మూసి ఉంది. ప్రతి రాష్ట్రానికీ ఇట్లాంటి రోడ్డు సమాచారం ఉంటుంది, సస్కాచెవాన్‌లో హైవే హాట్‌లైన్ అంటారు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున తాళాలు తీసుకునే ముందు ఒకసారి చూడాలి. ఆ రోజు నాకు టెన్షన్ రాలేదంటే కారణం ఒకటే, జేబులో రెండు రోజులు మిగిలి ఉన్నాయి. ఊరి మొదట్లో పెద్ద బాతు విగ్రహం ఉంటుంది. వావా అంటే అక్కడి ఆదివాసుల ఓజిబ్వే భాషలో అడవి బాతు అట. బొగ్గు ఆ విగ్రహాన్ని చూసి పావుగంట మొరిగింది.

వైట్ రివర్ దగ్గర ఇంకో ముచ్చట. 1914లో రైల్లో పోతున్న ఒక సైనిక పశువైద్యుడు అక్కడ స్టేషన్‌లో 20 డాలర్లు ఇచ్చి ఎలుగుబంటి పిల్లను కొన్నాడు. తన ఊరు విన్నిపెగ్ కాబట్టి విన్నీ అని పేరు పెట్టి ఇంగ్లండ్ దాకా తీసుకుపోయాడు, ఆఖరికి లండన్ జూకు ఇచ్చాడు. ఎలుగుబంటితో పోయినోళ్లున్నారు, మనది కుక్కే కదా అని మా ఆవిడ ధైర్యం చెప్పింది.

వెలుతురు సంగతి చాలామంది మర్చిపోతారు. జనవరి మొదట్లో థండర్ బేలో పగలు ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. ఫిబ్రవరి మొదటికి ఇంకో గంట కలిసొస్తుంది. చీకట్లో మూస్ రోడ్డెక్కుతుంది. మన ఎడ్ల కంటే ఎత్తైన దుప్పి అనుకోండి. రంగు ముదురు, కళ్లు హెడ్‌లైట్ల వెలుగుకు పైన ఉంటాయి, కాబట్టి మెరవవు. కనబడేసరికి బానెట్ మీద ఉంటుంది. అందుకని సూర్యుడు ఉన్నప్పుడే నడపాలి. ఆ పగల్లోనే రెండు రెండున్నర గంటలకోసారి కుక్కను దింపాలి, మనం తినాలి, పెట్రోల్ పోయించాలి. ఇప్పుడు లెక్క వేయండి, 12 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

అమెరికాలోంచి పోతే రోడ్లు వెడల్పు కదా అంటారు. నిజమే. షికాగో, మినియాపొలిస్, ఫార్గో మీదుగా పోయి మళ్లీ కెనడాలోకి ఎక్కవచ్చు, దూరం కూడా పెద్ద తేడా లేదు. కానీ మన పాస్‌పోర్ట్‌కు అమెరికా వీసా ఉండాలి, కెనడా పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, ఉన్నా సరే. కుక్కకూ రూల్స్ ఉన్నాయి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే ఏ కుక్కకైనా ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ, అంటే అమెరికా ఆరోగ్య సంస్థ, వాళ్ల ఫారం ఆన్‌లైన్‌లో నింపి రసీదు చూపించాలి. ఒక్క జాగ్రత్త: గత ఆరు నెలల్లో ఆ కుక్క ఇండియాలో ఉండి ఉంటే కథ వేరు. రేబిస్ ఎక్కువున్న దేశాల లిస్టులో మనం ఉన్నాం. మన దగ్గర టీకా వేయించిన కుక్కను రోడ్డు బార్డర్ నుంచి రానివ్వరు. తిరిగి కెనడాలోకి రావడానికి రేబిస్ సర్టిఫికెట్ కావాలి. మాకు వీసా లేదు, ఆ చర్చ అక్కడే అయిపోయింది.

ఇక కుక్క. నేను చేసిన పెద్ద తప్పు, దాని పరుపును సామాను లారీలో పంపించేయడం. కొత్త పరుపు కొన్నాను, అది వాసన చూసి పక్కకు జరిగి ఉత్త ప్లాస్టిక్ మీద పడుకుంది. అప్పుడు గుర్తొచ్చింది గొంగడి. నేను మొదటిసారి కెనడా పోయేటప్పుడు అమ్మ బలవంతంగా సూట్‌కేస్‌లో కుక్కింది, ఎన్నడూ విప్పలేదు. దక్కన్ గొర్రె ఉన్ని, నల్లగా గరగరలాడుతుంది, మనకైతే ఒళ్లు దురద. బోనులో పరిచాను. రెండు చుట్లు తిరిగి, ముక్కు తోక కిందికి పెట్టి, థండర్ బే దాకా లేవలేదు. మంచు నీళ్లతో తడిసినా గొంగడి వెచ్చదనం పోదు. మందల వెంట వానలో తిరిగేవాళ్లు ఊరికే మోయరు కదా. నల్ల గొంగడి మీద నల్ల కుక్క, ఉందో లేదో చేయి పెట్టి తడుముకోవాల్సి వచ్చేది.

బోను తప్పనిసరి, లేకపోతే వెనక సీటుకు కట్టే బెల్టు. ముందు సీటు వద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కుక్క దక్కదు. పెద్ద కార్లలో డిక్కీ వైపు వేడి సరిగ్గా చేరదు, బోను దగ్గర చేయి పెట్టి చూసుకోండి. మీరు టీ తాగడానికి దిగి ఇంజన్ ఆపితే కారు ఫ్రిజ్ అయిపోతుంది, కాబట్టి ఒకరు లోపల, ఒకరు బయట. నీళ్లు కాళ్ల దగ్గరే పెట్టుకోండి, డిక్కీలో పెడితే గడ్డ కడతాయి. స్టీల్ గిన్నెలో పోయకండి, ఆ చలికి నాలుక అతుక్కుంటుంది. మేము రబ్బరు గిన్నె వాడాం. మేత మార్చకూడదు, పది రోజులది, పైన ఇంకో నాలుగు రోజులది కారులోనే ఉండాలి.

కాళ్ల సంగతి మొదట్లో చెప్పాను. బంకుల దగ్గర, హోటళ్ల ముందు మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది వేళ్ల సందుల్లో ఇరుక్కుని మండుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. బూట్లు కొన్నాం. తొడిగిన మొదటి రోజు బొగ్గు పీర్ల పండగ పులివేషగాడిలా కాళ్లు ఎత్తెత్తి నడిచింది, మూడో బూటు మంచులో పోయింది. తర్వాత మైనం రాసి దింపడం, ఎక్కించే ముందు గోరువెచ్చని నీళ్ల గుడ్డతో తుడవడం, ఇదే పని. పార్కింగ్‌లో నేల మీద నీళ్లు మాత్రం తాగనివ్వకండి. రేడియేటర్లలో పోసే కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కకు విషం.

కారు గురించి టూకీగా. ఆల్ సీజన్ టైర్లు 7 డిగ్రీల కిందికి వస్తే గట్టిపడతాయి. పక్కన కొండ, మంచు పువ్వు గుర్తు ఉన్న వింటర్ టైర్లు వేయించుకోండి. అద్దం కడిగే నీళ్లు మైనస్ 40కి తట్టుకునేవి పోయించండి. ట్యాంక్ సగానికి తగ్గనివ్వకండి. మంచులో టైర్ తిరుగుతూ ఉండిపోతే కింద చల్లడానికి పిల్లి మలవిసర్జనకు వాడే ఇసుక పనికొస్తుంది. కుక్క ఉన్న కారులో పిల్లి ఇసుక, షాపులో అమ్మాయి నవ్వింది. కూరుకుపోతే కారు దిగి నడవకండి. పొగ గొట్టం దగ్గర మంచు తీసేసి, గంటకు పది నిమిషాలే ఇంజన్ నడిపి, ఒక అద్దం సందు తెరిచి పెట్టండి, లేకపోతే పొగ లోపలికి వస్తుంది.

హోటల్ మాట. ఆన్‌లైన్‌లో కుక్కలకు అనుమతి అని చూసే బుక్ చేశాను. ఒక ఊళ్లో రాత్రి 9కి కౌంటర్‌లో "10 కిలోల లోపు కుక్కలకే" అన్నారు. బొగ్గు 31. పొట్ట లోపలికి పీల్చమని చెప్పలేం కదా. నాలుగు ఫోన్లు చేస్తే ఇంకోచోట రూమ్ దొరికింది. అప్పటి నుంచి ముందే ఫోన్ చేసి అడిగాను: బరువు పరిమితి ఎంత, ఎక్స్‌ట్రా ఎంత, కింది అంతస్తులో ఇస్తారా అని. మూడో ప్రశ్నకు తెల్లవారుజామున విలువ తెలుస్తుంది. టొరంటోకు, కాల్గరీకి రెండు గంటల తేడా. కుక్క కడుపుకు టైమ్ జోన్ తెలియదు. టొరంటోలో 7కు తినే కుక్క కాల్గరీలో 5కు మీ మొహం నాకుతుంది.

చేరాక కాల్గరీలో మూడు నెలలు దాటిన కుక్కకు లైసెన్స్ తీసుకోవాలి, మైక్రోచిప్‌లో అడ్రస్ మార్పించాలి. అన్నట్టు ఎవరైనా ఎలుకను పెంచుకుంటుంటే దాన్ని ఆల్బర్టాలోకి తీసుకుపోనివ్వరు. 1950 నుంచి అక్కడ ఎలుకల మీద యుద్ధం నడుస్తోంది. తమ్ముడి దగ్గర లేవు, నేను అడిగాను.

తమ్ముడూ, జనవరి నెలాఖరు లోపు బయల్దేరకు, ఫిబ్రవరి 2, 3 తేదీల్లో రోడ్డెక్కు, పది రోజులు పెట్టుకో. ఇంకో మాట. ఈ వీడియో సంగతి నిన్న రాత్రి అమ్మకు చెప్పాను. నాన్నతో సంతకు పోయి ఇంకో గొంగడి తెచ్చి పెట్టింది, అదిగో ఆ మూటలో ఉంది. నేను 24న తిరిగి పోతున్నా, నా సూట్‌కేస్‌లో చోటుంది. విమానాశ్రయానికి వచ్చి తీసుకో, కుక్కను కూడా తీసుకురా, కొలత చూద్దాం.