పది రౌండ్లు వేసినా వంద మీటర్ల టైము ఎందుకు తగ్గదు?

వ్యాఖ్యాత: మాస్టారూ, ఈ ఎపిసోడ్ మా తమ్ముడి పుణ్యం. కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. తెల్లవారకముందే లేచి గ్రౌండు చుట్టూ పది రౌండ్లు వేస్తాడు. మూడు నెలలైంది, వంద మీటర్ల టైము మాత్రం కదలడం లేదు.

మాస్టారు: పది రౌండ్లు వేయడంలో బాగా ఆరితేరి ఉంటాడమ్మా. కాళ్లకు రోజూ నేర్పింది అదే కదా! వేగంగా పరుగెత్తడం వాటికి ఎవరూ నేర్పలేదు.

వ్యాఖ్యాత: అంటే అది నేర్పితే వచ్చేదేనా? వేగం పుట్టుకతో రావాలంటారు.

మాస్టారు: కొంత పుట్టుకే. చురుగ్గా బిగుసుకునే కండరపు పోగులు కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. జమైకా పరుగు వీరుడు ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో వంద మీటర్లు దాటాడు. నా దగ్గరకు ఎంతమంది వచ్చినా, ఎన్నేళ్లు నేర్పినా ఆ టైము రాదు. కానీ నేను చూసిన పిల్లల్లో చాలామంది తమ హద్దు దరిదాపులకైనా వెళ్లకుండానే ‘మనకు రాసిపెట్టి లేదు’ అని బూట్లు విప్పేశారు. నాకు ఒళ్లుమండేది అక్కడే.

వ్యాఖ్యాత: మన వైపు నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.

మాస్టారు: విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఉందిగా! వంద మీటర్ల హర్డిల్స్‌లో, అంటే అడ్డుగా పెట్టిన చట్రాలను దాటుతూ పరుగెత్తే పోటీలో, అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. ఇరవై ఏళ్లు చెక్కుచెదరలేదు. 2022 మేలో సైప్రస్‌లో జ్యోతి దాన్ని 13.23కు తెచ్చింది. అక్టోబరులో బెంగళూరులో 12.82.

వ్యాఖ్యాత: ఐదు నెలల్లో అంత తేడానా!

మాస్టారు: ఆగమ్మా, లెక్క సరిగ్గా చెప్పుకుందాం. సైప్రస్‌కు నెల ముందే కోళికోడ్‌లో 13.09 పరుగెత్తింది. వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచింది. అనుమతించేది 2.0 వరకే. రికార్డు దక్కలేదు. అంటే ఆ వేగం చాలావరకు అప్పటికే ఒంట్లో ఉంది. ఆ తర్వాత చూడు: 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78. పది నెలలు కష్టపడితే తగ్గింది సెకనులో వందో వంతులు నాలుగే! పైకి వెళ్లేకొద్దీ మెట్టు చిన్నదవుతుంది. మీ తమ్ముడు ఇంకా కింది మెట్ల దగ్గరే ఉన్నాడు కాబట్టి అదృష్టవంతుడు.

వ్యాఖ్యాత: హర్డిల్స్‌లో వేగం ఎలా పెంచుతారు? అంగ పెద్దది వేస్తారా?

మాస్టారు: వేయడానికి చోటేదీ? పది హర్డిళ్లు, ఒక్కో దానికి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ మధ్యలో అందరూ వేసేది మూడే అంగలు. సాగదీస్తే తర్వాతి హర్డిల్‌కు మరీ దగ్గరైపోతారు. ఆ మూడింటినీ త్వరగా ముగించాలి, గాలిలో తక్కువసేపు ఉండాలి. అంతే.

వ్యాఖ్యాత: మామూలు పరుగులో మాత్రం కాళ్లు వేగంగా ఆడిస్తే చాలుగా?

మాస్టారు: అందరూ అనుకునేది అదే. పూర్తి వేగంలో ఉన్నప్పుడు కాలిని వెనక నుంచి ముందుకు తెచ్చుకోవడానికి వేగంగా పరుగెత్తేవాడికీ నెమ్మదివాడికీ పట్టే సమయంలో పెద్ద తేడా లేదని పరిశోధకులు కొలిచి చెప్పారు. తేడా అంతా నేలను తన్నడంలో. మేటి స్ప్రింటర్ పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు. ఆ కాస్తలో ఒంటి బరువుకు ఎన్నో రెట్లు బలంతో తన్నాలి. అందుకే బరువులతో గుంజీలు, అందుకే గంతులు. నేల కాలుతున్నట్టు పాదం తీసెయ్యమని మా పిల్లలకు చెప్పేవాణ్ని.

వ్యాఖ్యాత: మరి మా వాడు రేపటి నుంచి ఏం చేయాలి?

మాస్టారు: ముందు పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కనివ్వాలి. అది మానేసి ఒక్కసారిగా ఉరికితే తొడ వెనక కండరం పట్టేస్తుంది, నెల రోజులు మంచమే. తర్వాత ముప్పై మీటర్లు, ఉన్న శక్తి అంతా పెట్టి, ఆరుసార్లు. ఒక్కో పరుగుకు మధ్య మూడు నిమిషాల విశ్రాంతి. పది మీటర్లకు ఒక నిమిషం, ఇది మా పాత లెక్క. టైము పెరగడం మొదలైతే ఆ రోజుకు చాలు, ఇంటికి వెళ్లిపోవాలి. వారానికి రెండు రోజులు ఇలా. రౌండ్లు మరో రోజు వేసుకోమను, పరీక్షలో దూరం పరుగు కూడా ఉంది కదా.

వ్యాఖ్యాత: ఆరు పరుగులేనా? వాడు నమ్మడు. చెమటతో చొక్కా తడిస్తే తప్ప సాధన చేసినట్టే కాదంటాడు.

మాస్టారు: అలసటను సాధన అనుకుంటే పొలంలో పనిచేసే వాళ్లందరూ స్ప్రింటర్లు కావాలి కదమ్మా!

వ్యాఖ్యాత: (నవ్వు) సరే, ఆ మూడు నిమిషాలు కూర్చోవచ్చా?

మాస్టారు: నడవమను. చేతిలో ఫోను మాత్రం వద్దు. మూడు నిమిషాలు అరగంట అవుతుంది.