పాత చీరలకు కరక్కాయ నలుపు: నాటక దుస్తులపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా కాలేజీ నాటకానికి దుస్తులు చేస్తున్నాం. కొత్త బట్ట కొనకుండా ఇళ్ళల్లోని పాత నేత చీరలు, పంచెలు పోగేశాం. కలంకారీ వాళ్ళలాగ కరక్కాయ, కసిం అనే పులియబెట్టిన ఇనుప నీళ్ళతో నలుపు వేద్దామని. ఒక పంచె వేస్తే మచ్చలు మచ్చలుగా వచ్చిందండీ. కింద అంచు నల్లగా, పైన బూడిద రంగు. కరక్కాయ నీళ్ళలో పోసే గేదె పాలు తక్కువయ్యాయని మా అత్తగారు...

నిపుణురాలు: పాల సంగతి తర్వాత. గంజి తీశారా?

శ్రోత: సబ్బుతో ఉతికామండీ.

నిపుణురాలు: చాలదమ్మా. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, కిలో బట్టకు 20 గ్రాముల బట్టల సోడా వేసి, బట్ట తేలేటన్ని నీళ్ళలో గంటసేపు ఉడకబెట్టండి. ఆరాక నీటిచుక్క వేయండి. వెంటనే పీల్చుకోవాలి. నిలబడితే మళ్ళీ ఉడకబెట్టడమే. వంట గిన్నెలు మాత్రం వాడొద్దు.

శ్రోత: మరి అంచు?

నిపుణురాలు: కరక్కాయ నీళ్ళలోంచి తీసి తాడు మీద వేలాడదీశారు కదా? కరక్కాయంతా కిందికి దిగింది. అది ఎక్కడ ఎక్కువుంటే కసిం అక్కడ నల్లబడుతుంది. నేల మీద పరిచి, మధ్యమధ్యలో తిప్పుతూ ఆరబెట్టండి.

శ్రోత: అయితే పాలు ఎన్ని పొయ్యాలండీ?

నిపుణురాలు: ముంచి నలుపు చేసేదానికి పాలే అక్కర్లేదు. కలంతో గీత గీసేటప్పుడు కసిం పాకకుండా పాలు పోస్తారు. మీకు కిలో బట్టకు 200 గ్రాముల కరక్కాయ పొడి, అరగంట నానబెట్టడం, అంతే.

శ్రోత: గేదె పాలు దొరక్కపోతే...

నిపుణురాలు: అక్కర్లేదంటున్నానమ్మా! కసిం ఎలా కట్టారు?

శ్రోత: తుప్పు మేకులు, బెల్లం, నీళ్ళు. నాలుగు రోజులుంచాం.

నిపుణురాలు: అది ఇంకా పులవలేదు. 10 లీటర్ల నీళ్ళకు కిలో ఇనుము, కిలో బెల్లం. కుండకు బట్ట కట్టండి, మూత బిగించొద్దు, గాలి పుడుతుంది. 15 నుంచి 20 రోజులు. తర్వాత వడకట్టండి. ఒక వంతు కసింకు పది వంతుల నీళ్ళు కలిపితే బూడిద రంగు. చిక్కటి దాంట్లో అంచు మాత్రం ముంచితే పైన బూడిద, కింద నలుపు. మీకు పొరపాటున వచ్చిన ఆ రంగే కావాలని తెచ్చుకోవచ్చు, రాణి పాత్రకు బాగుంటుంది. కానీ ఇనుము ఎక్కువైతే నూలు మెత్తబడి మడత దగ్గర చిరుగుతుంది. పాత చీర అసలే నలిగింది. ముందు ముక్క మీద చూసుకోండి. చివర్లో నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. చింతపండు, నిమ్మకాయ తగలనివ్వొద్దు, పులుపు తగిలిన చోట నలుపు పోతుంది.

శ్రోత: చెమటకండీ?

నిపుణురాలు: చంకల దగ్గర లోపల అస్తరు వేయండి. వేరే ముక్కగా కుట్టండి, విప్పి ఉతుక్కోవచ్చు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాత, నల్లగొండ.

శ్రోత: మేడమ్, బీట్‌రూట్‌తో గులాబీ రంగు...

నిపుణురాలు: నిలవదు బాబూ. ఎండకు, ఉతుక్కు పోతుంది. ఎరుపు కావాలంటే పటిక పట్టించిన బట్టను మంజిష్ఠ వేళ్ళు నానబెట్టిన నీళ్ళలో సన్నటి సెగ మీద ఉంచండి. బాగా మరిగితే గోధుమ రంగుకు తిరుగుతుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ. ఇంకొకరు, ఖమ్మం.

శ్రోత: టేకాకు ముద్రలు పాలిస్టర్ మీద పడతాయా మేడమ్?

నిపుణురాలు: పడవు. పట్టు, నూలు లాంటి సహజమైన బట్టల మీదే. లేత ఆకులే కోయండి, ఎర్ర రంగు వాటిలోనే ఎక్కువ. పటిక పట్టించిన బట్ట మీద పరిచి, పైపుకు బిగుతుగా చుట్టి, దారంతో కట్టి, గంటన్నర ఆవిరి పట్టండి. వదులుగా చుడితే ఆకు అంచులు చెదిరిపోతాయి. ఇక్కడా ముందు ముక్క మీదే చూసుకోండి.

శ్రోత: చుట్ట వెంటనే విప్పొచ్చా?

నిపుణురాలు: పూర్తిగా చల్లారాక. రాత్రి చుడితే పొద్దున విప్పండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మేడమ్‌కు, శ్రోతలకు ధన్యవాదాలు.