నాలుగు పదాలు, వారం రోజులు

(వరంగల్, హనుమకొండ జిల్లాల ప్రాథమిక ఉపాధ్యాయుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే ఈ కాంప్లెక్స్ మీటింగుకు వచ్చిన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. టీ టైముకు ముందే ముగించాలి కాబట్టి నేరుగా పనిలోకి దిగుదాం.

మన బడుల్లో పదజాలం చెప్పే తీరు మనందరికీ తెలిసిందే. పాఠం చదవడం అయిపోతుంది. కొత్త పదాలు బోర్డు మీదికి ఎక్కుతాయి. 'అప్రమత్తం అంటే జాగరూకత, ఔదార్యం అంటే దాతృత్వం' అని రాస్తాం. పిల్లలు నోట్సులోకి దింపుకుని, ఇంటికాడ మూడేసి సార్లు రాసుకొస్తారు. సొంతవాక్యం అడిగితే 'నాకు అప్రమత్తం అంటే చాలా ఇష్టం' అని వస్తుంది. దానికి నవ్వొస్తుంది గానీ అందులో పిల్లది తప్పేమీ లేదు. తెలియని మాటకు అంతకన్నా తెలియని మాటను అర్థంగా ఇచ్చింది మనమే. పాఠానికి పది పదాలు చొప్పున ఇచ్చి, ఒక్కోదాన్ని ఒక్కసారే ముట్టుకుని, వచ్చే వారం ఇంకో పాఠానికి పోతున్నాం.

అమెరికాలో మెక్‌కీయన్, బెక్ అనే పరిశోధకులు నాలుగో తరగతి పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1985లో అచ్చయింది. ఒక్కో పదాన్ని నాలుగుసార్లు ఎదుర్కొన్న పిల్లలు అర్థం చెప్పగలిగారు, కానీ ఆ పదం ఉన్న కథను అర్థం చేసుకోవడంలో వారికి పెద్దగా లాభం కనపడలేదు. పన్నెండుసార్లు, అదీ రకరకాల పనులతో లోతుగా ఎదుర్కొన్న పిల్లలకు ఆ లాభం కనపడింది. అది ఇంగ్లిషులో జరిగిన పని, మన భాషకు అంకె అచ్చంగా అదే కావాలని లేదు. అయినా లెక్క ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. అందుకే నేను అడిగేది వారానికి నాలుగు పదాలే. ఆ నాలుగూ ఒక్కోటి పదీ పన్నెండుసార్లు, వేర్వేరు సందర్భాల్లో పిల్లల చెవిన పడాలి, నోట రావాలి.

ఏ నాలుగు? ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. మూడో తరగతికి సరిపడే ఈ చిన్న భాగం వినండి.

'మూడు రోజులుగా ముసురు. ఊరి చెరువు నిండి మత్తడి దుంకుతోంది. కట్ట మీద నడుస్తున్న రాజవ్వకు ఒకచోట మన్ను మెత్తబడి నీళ్లు ఊరుతూ కనిపించాయి. చిన్న ఊటే కదా అని ఆమె నిర్లక్ష్యం చేయలేదు. ఊళ్లోకి ఉరికి అందరినీ అప్రమత్తం చేసింది. కొందరు ఇసుక సంచులు నింపారు, కొందరు మోశారు. పిల్లలు కూడా చేతనైనంత తోడ్పడ్డారు. చీకటి పడేలోగా గండి ప్రమాదం తప్పింది. చెరువు నీళ్లు వృథా కాలేదు.'

ఇందులో మాటల్ని మూడు కుప్పలు చేయొచ్చు. కట్ట, మన్ను, సంచి వంటివి పిల్లలు రోజూ మాట్లాడేవే, వాటిని చెప్పక్కర్లేదు. మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొంగి పోయే చోటు), గండి (కట్ట తెగిన చోటు), ఇందులో లేకపోయినా తూము (నీళ్లు వదిలే దారి), ఆయకట్టు (చెరువు కింద సాగయ్యే భూమి) వంటివి చెరువు అనే ఒక్క విషయానికి చెందిన మాటలు. నిర్లక్ష్యం, అప్రమత్తం, తోడ్పడు, వృథా మూడో రకం. ఇవి ఇంట్లో తక్కువ వినపడతాయి, కానీ పరిసరాల విజ్ఞానంలో, పేపర్లో, పై తరగతుల ప్రతి పాఠంలో ఎదురవుతూనే ఉంటాయి. మన సమయం ఈ మూడో కుప్పకు పోవాలి. ఇలా మూడు శ్రేణులుగా చూసే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది కూడా ఇసబెల్ బెక్ బృందమే.

అయితే కుప్పలు బడిని బట్టి మారతాయి. పాకాల చెరువు పక్క ఊళ్లో పిల్లకు మత్తడి, తూము, శిఖం (చెరువు లోపలి భూమి) తెలిసే ఉంటాయి. హనుమకొండలోని నయీంనగర్‌లో అపార్టుమెంటు పిల్లాడికి చెరువంటే దూరం నుంచి చూసిన నీళ్లే. వాడికి బోర్డు మీద కట్ట, తూము, మత్తడి గీసి చూపిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. వేరే ప్రాంతం వాళ్లు రాసిన కథలో 'అలుగు' అని వస్తే, మన మత్తడే అని ఒక్క ముక్క చెప్పి ముందుకు పోవచ్చు. తండా పిల్లలది ఇంకో సంగతి. ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ, అమ్మను యాడి అని, నీళ్లను పాణి అని పెరిగిన పిల్లకు మన మొదటి కుప్పలో మాటలు కూడా కొన్ని కొత్తే. వస్తువు తెలుసు, తెలుగు పేరు తెలియదు. అలాంటి తరగతిలో 'మీ ఇంట్లో దీన్నేమంటారు' అని ముందు అడిగి, ఆ మాటను బోర్డు మీద తెలుగు లిపిలోనే రాసి, పక్కన తెలుగు మాట రాయాలి. కోయగూడేల బళ్లలోనూ ఇదే చేయాలి. పిల్ల చెప్పిన మాటను 'అట్లనొద్దు' అని కొట్టేస్తే ఆ పిల్ల రేపటి నుంచి నోరు విప్పదు, అప్పుడు పదజాలం సంగతే లేదు.

ఇక సోమవారం. మొదటిసారి కథను ఆపకుండా చదవండి, వినడానికి బాగుండేలా. అవసరమైతే 'అప్రమత్తం చేసింది, అంటే హెచ్చరించి సిద్ధం చేసింది' అని చదువుతూనే ఒక ముక్క కలపండి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి అర్థం చెప్పుకుంటూ పోతే కథ చచ్చిపోతుంది. ఆసక్తి పోయాక పదం మాత్రం ఎవరికి కావాలి? రెండోసారి చదివేటప్పుడు నాలుగు పదాల దగ్గర ఆగండి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు చాలు.

ఆ నాలుగు నిమిషాల్లో చేయాల్సిన పని ఇది. కథలోని వాక్యాన్ని మళ్లీ చదవాలి. పదాన్ని పిల్లలందరితో రెండుసార్లు పలికించాలి. నిర్లక్ష్యం వంటిది మొదట 'నిర్లచ్చం' అనే వస్తుంది, ఫరవాలేదు. నోటికి అలవాటయ్యాక బోర్డు మీద ఒత్తులు విడదీసి చూపిస్తే సర్దుకుంటుంది. తర్వాత అర్థం. అర్థాన్ని మరో పదంతో కాకుండా వాక్యంతో చెప్పాలి. 'ఏదైనా ప్రమాదం రావచ్చని తెలిసి కళ్లూ చెవులూ తెరుచుకుని సిద్ధంగా ఉంటే అప్రమత్తంగా ఉన్నట్టు.' 'చేయాల్సిన పనిని పట్టించుకోకుండా వదిలేస్తే నిర్లక్ష్యం చేసినట్టు.' ఇలాంటి వాక్యం తరగతిలో అప్పటికప్పుడు తట్టదు, ముందురోజే రాసి పెట్టుకోండి. నా లెక్కలో మొత్తం పాఠ్యపథకంలో కష్టమైన పని ఇదొక్కటే.

ఆ వెంటనే కథకు సంబంధం లేని రెండు ఉదాహరణలు ఇవ్వాలి. ఇది వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 'అప్రమత్తం అంటే చెరువు తెగేటప్పుడు ఉరకడం' అని పిల్లలు పట్టుకుంటారు. మాట ఆ చెరువు దగ్గరే ఆగిపోతుంది. అందుకని రోడ్డు దాటడం చెప్పండి, పొయ్యి మీద పాలు చెప్పండి, రాత్రిపూట పొలానికి పోయేటప్పుడు పాము సంగతి చెప్పండి.

చివరగా పిల్లల వంతు. 'అర్థమైందా' అని అడిగితే అందరూ 'అయింది సార్' అంటారు, అది జవాబు కాదు. 'కాజీపేట స్టేషన్‌లో ప్లాట్‌ఫాం అంచున నిలబడి ఫోన్ చూస్తున్న మనిషి అప్రమత్తంగా ఉన్నాడా?' అని అడగండి. ఉన్నాడనో లేడనో చెప్తే చాలదు, 'ఎందుకంటే' అని వాక్యం పూర్తి చేయాలి. రెండు పదాల్ని కలిపి అడిగితే ఇంకా మంచిది. 'నిర్లక్ష్యంగా ఉండేవాళ్లు అప్రమత్తంగా ఉండగలరా?' 'నల్లా నీళ్లు వృథా కాకుండా నువ్వు ఎట్లా తోడ్పడతావు?' సొంతవాక్యం రాయించేటప్పుడూ ఇదే షరతు పెట్టండి: వాక్యంలో 'ఎందుకంటే' గానీ, 'కాబట్టి' గానీ ఉండాలి. 'నాకు ఇష్టం' బాపతు వాక్యాలు వాటంతటవే ఆగిపోతాయి.

మంగళవారం నుంచి శనివారం దాకా రోజుకు అయిదు నుంచి పది నిమిషాలు చాలు. హాజరు పిలిచేటప్పుడు 'వచ్చిన' బదులు ఆ పదంతో ఒక మాట చెప్పించొచ్చు, అన్నం గంట ముందు ఒక ప్రశ్న వేయొచ్చు. ఒక్క రోజు మాత్రం ముప్పావుగంట పెట్టి ఒక కృత్యం చేయించండి. ఇప్పుడు మూడు కృత్యాలు చెప్తాను. అన్నీ పెండ్లి పత్రికల వెనుక వైపు రాసిన కార్డులతో అయ్యేవే.

మొదటిది వర్గీకరణ. నలుగురు పిల్లలకు పన్నెండు కార్డులు: చాట, గంప, తట్ట, జల్లెడ, కుండ, గురిగి, గోలెం, బిందె, చెంబు, గంటె, శిబ్బి, రోకలి. 'మీకు తోచినట్టు కుప్పలు చేయండి, ప్రతి కుప్పకూ పేరు పెట్టండి' అనండి, ఇంకేమీ చెప్పొద్దు. కొందరు వంటింటివి, బయటివి అని చేస్తారు. కొందరు వెదురువి, మట్టివి, ఇనుపవి అని చేస్తారు. తట్ట దగ్గర కొట్లాట మొదలవుతుంది, వెదురుదా, ప్లాస్టిక్‌దా? గోలెం కొందరింట్లో మట్టిది, కొందరింట్లో సిమెంటుది. రోకలి కొయ్యదే గానీ చివర ఇనుప పొన్ను ఉంటుంది. ఈ వాదనలోనే 'పదార్థం', 'లోహం', 'తయారుచేయు', 'ఉపయోగం' అనే బడి మాటలు అవసరమవుతాయి, సరిగ్గా అప్పుడు మీరు అందించాలి. ఇంటి మాటలు పన్నెండు పెడితే బడి మాటలు నాలుగు వచ్చాయి. కార్డులు పన్నెండు దాటితే పిల్లలు చదవడంలోనే అలిసిపోతారు, ఎనిమిదికి తగ్గితే వాదించడానికి ఏమీ మిగలదు.

రెండోది వరుస కట్టడం. తుంపర, చినుకులు, జల్లు, వాన, జడివాన, కుంభవృష్టి. గోడకు ఒక తాడు కట్టి, తక్కువ నుంచి ఎక్కువకు కార్డులు వేలాడదీయాలి. తుంపర ముందా, చినుకులు ముందా అని తేలకపోయినా ఏమీ కాదు. తర్వాత 'ముసురు' కార్డు ఇచ్చి ఎక్కడ పెడతారో చూడండి. అది తాడు మీద ఎక్కడా కుదురుకోదు. ముసురు ఎంత గట్టిగా పడుతుందన్నది కాదు, ఎంతసేపు పట్టి ఉంటుందన్నది కదా. ఆ సంగతి పిల్లలే కనిపెట్టేదాకా ఓపిక పట్టండి. గోరువెచ్చన నుంచి సలసల మరిగేదాకా, గొణుగు నుంచి అరుపుదాకా ఇలాంటి వరుసలు చాలా కట్టొచ్చు.

మూడోది పద కుటుంబం, నాలుగు అయిదు తరగతులకు. నేయు–నేత, కోయు–కోత, మేయు–మేత, పూయు–పూత, కాయు–కాత, రాయు–రాత. మూడు జతలు మీరిచ్చి మిగతావి పిల్లల్ని తీయమనండి. నేత పనివాళ్లు ఉండే కొత్తవాడ పక్క బళ్లలో 'నేత'తో మొదలుపెడితే మగ్గం, పడుగు, పేక, కండె వాటంతటవే వస్తాయి, అక్కడి పిల్లలు మనకే పాఠం చెప్తారు. ఎవరో ఒకరు 'దాయు–దాత' అంటారు. అది ఈ కుటుంబంలోది కాదు, దాత అంటే ఇచ్చేవాడు, వేరే దారిన వచ్చిన మాట. అలాంటి తప్పు వచ్చిందంటే పిల్లలు సూత్రాన్ని పట్టుకున్నారని అర్థం. మెచ్చుకుని తేడా చెప్పండి.

తెలుగు వంటి భాషల్లో ఒక చిక్కు ఉంది. కార్డు మీద 'నిర్లక్ష్యం' చదివిన పిల్ల, పుస్తకంలో 'నిర్లక్ష్యానికి' కనపడితే గుర్తుపట్టదు. 'అప్రమత్తమయ్యారు' అన్నా అంతే. విభక్తి చేరి, సంధి కలిసి, మాట రూపం మారిపోతుంది. పిల్లకు పదం రాలేదని మనం అనుకుంటాం. నిజానికి పదం వచ్చింది, రూపమే కొత్తది. దీనికి రోజుకు రెండు నిమిషాలు కేటాయించండి. పొలం–పొలానికి–పొలాలు, ప్రమాదం–ప్రమాదానికి–ప్రమాదాలు. సున్నాతో ముగిసే వందల మాటలు ఇదే దారిన నడుస్తాయి. తర్వాత ఇల్లు–ఇంటికి, కన్ను–కంటికి వంటివి. పాఠంలో ఒక పదం ఎన్ని రూపాల్లో ఉందో వెతికి పెన్సిల్‌తో గీత గీయమంటే పిల్లలు పోటీ పడి చేస్తారు. పదకొండు గంటల నిద్రమత్తు వదిలించడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

పదాల గోడ గురించి. చాలా బళ్లలో రంగుల చార్టు బోర్డు పైన ఏడడుగుల ఎత్తులో ఉంటుంది, విజిటర్లకు బాగానే కనిపిస్తుంది. కార్డు పిల్లల కంటి ఎత్తులో, సుమారు మూడున్నర అడుగుల దగ్గర ఉండాలి. అక్షరం రెండు వేళ్ల మందం ఎత్తున ఉంటే చివరి వరుసకూ కనపడుతుంది. గోడ మీద ఒకేసారి ఇరవై నాలుగు కార్డులు దాటనీయొద్దు. ఆరు వారాలకు గోడ నిండుతుంది, ఏడో వారం పాత నాలుగు దిగి డబ్బాలోకి పోవాలి. ఎవరైనా ఆ పదాన్ని మాటల్లోగానీ రాతలోగానీ సరిగ్గా వాడితే కార్డు మూల ఒక గీత గీయండి. గీతలు పడని కార్డు ఏదో చూస్తే, మీరు మళ్లీ చెప్పాల్సిన పదం ఏదో తెలిసిపోతుంది.

పరీక్ష సంగతి. 'అర్థాలు రాయండి' బట్టీని కొలుస్తుంది. ఎడ్గార్ డేల్ అనే విద్యావేత్త పదం తెలియడంలో నాలుగు మెట్లు చెప్పాడు: ఎప్పుడూ వినలేదు, విన్నాను గానీ తెలియదు, కొంచెం తెలుసు, బాగా తెలుసు. సోమవారం పాఠానికి ముందు, శనివారం చివర్లో పిల్లలు సున్నా నుంచి మూడు వేళ్లు చూపించాలి. పిల్లలు పక్కవాణ్ణి చూసి మూడు వేళ్లు ఎత్తేస్తారు, అందుకే కళ్లు మూసుకుని ఎత్తమనండి, మూడెత్తిన వారిలో ఇద్దరిని అప్పటికప్పుడు పదం వాడమనండి.

ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. వారానికి నాలుగు, పని జరిగే వారాలు ముప్పై అనుకుంటే ఏడాదికి నూటఇరవై మాటలే కదా, పాఠ్యపుస్తకంలో ఇంకా చాలా ఉన్నాయి కదా అని. నిజమే. మిగతావి చదువులోంచే రావాలి. 1999లో స్వాన్‌బోర్న్, డి గ్లోపర్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు ఇరవై అధ్యయనాలను కలిపి చూశారు. మామూలుగా చదువుకుంటూ పోయేటప్పుడు ఎదురైన తెలియని పదాల్లో నూటికి సుమారు పదిహేను పిల్లలకు పట్టుబడతాయని తేలింది. శాతం చిన్నదే, కాబట్టి చదివే పేజీలు పెరగాలి. లైబ్రరీ పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే ఆ పదిహేను కూడా రావు. చిరిగిపోతాయన్న భయం ఉంటే రిజిస్టరు పిల్లల చేతికే ఇవ్వండి. పెద్దగా చదివి వినిపించడం మూడో తరగతితో ఆపొద్దు, అయిదో తరగతికీ రోజూ పది నిమిషాలు చదవండి.

2022–23 నుంచి మన సర్కారు బడుల్లో పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా వస్తున్నాయి. దాన్ని వాడుకోండి. భావం ముందు తెలుగులో కుదిరిన తర్వాత ఎదురు పేజీలో ఇంగ్లిషు మాట చూపిస్తే అది ఒక పేరుగా తేలిగ్గా అతుక్కుంటుంది. రెండూ ఒకేసారి కొత్తవైతే రెండూ జారిపోతాయి.

ఏకోపాధ్యాయ పాఠశాలల వారికి ఒక మాట. అయిదు తరగతులకూ కథ ఒక్కటే చదవండి. ఒకటి, రెండు తరగతులు రెండు పదాలకు బొమ్మలు గీస్తే, పెద్ద తరగతులు నాలుగు పదాలతో 'ఎందుకంటే' వాక్యాలు రాస్తాయి. చిన్నవాళ్ల బొమ్మలకు పెద్దవాళ్లతో వాక్యం చెప్పించండి, మీ గొంతుకు కాస్త విశ్రాంతి.

టీ తర్వాత తరగతుల వారీగా కూర్చుందాం. మీ వెంట తెచ్చుకున్న పుస్తకంలో వచ్చే వారం పాఠం తీయండి. ప్రతి గ్రూపూ నాలుగు పదాలు ఏరి, ఒక్కోదానికి 'ఏదైనా', 'ఎవరైనా'తో మొదలయ్యే అర్థవాక్యం, పాఠంతో సంబంధం లేని రెండు ఉదాహరణలు, ఒక 'ఎందుకంటే' ప్రశ్న రాయాలి. నలభై నిమిషాలు ఇస్తున్నాను. అర్థవాక్యంలో మరో కఠిన పదం దొరికితే పక్క గ్రూపు వాళ్లు కొట్టేయొచ్చు.