ఫాఫ్సా పిల్లల ఫారం కాదు, మీ ఫారం!

ఆగండాగండి, పైకి జరిపేయకండి, ఇంట్లో హైస్కూల్ సీనియర్ ఇయర్ (పన్నెండో క్లాసు) పిల్లలున్నవాళ్ళు ఈ ఒక్క ముక్క వినేసి వెళ్ళండి. ఫాఫ్సా, అదే అమెరికాలో కాలేజీ చదువుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం, మీ పిల్లల ఫారం కాదు. మీ ఫారం. పేరు మాత్రమే పిల్లలది.

2023 గోల గుర్తుంది కదా, అక్టోబర్ 1కి రావాల్సిన కొత్త ఫారం డిసెంబర్ ఆఖర్లో ఊడిపడింది, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని అమ్మానాన్నలకి అది ముందుకే కదల్లేదు, కాలేజీలకి డేటా మార్చిలో గానీ చేరలేదు. అందరం వెబ్‌సైట్‌ని తిట్టాం, నేనూ తిట్టా. సరే, ఇప్పుడు సైట్ దారిలో పడింది, ప్రశ్నలు తగ్గాయి. మరి ఇంకా ఎందుకు మధ్యలో ఆగిపోతున్నాయి ఈ ఫారాలు?

ఒక హైస్కూల్లో ఫాఫ్సా నైట్‌కి, అంటే ఫారం నింపడానికి సాయం చేసే సాయంత్రానికి, వాలంటీర్‌గా కూర్చున్నానండీ. గది నిండా పిల్లలు, స్లైడ్లు, పిజ్జా. పెద్దవాళ్ళు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకమ్మాయి తన భాగం చకచకా నింపేసి, నాన్న తన భాగం నింపాలని ఆయనకి మెయిల్లో ఇన్వైట్ పంపి, అక్కడ ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఆయనేమో, నా ట్యాక్స్ వివరాలు వాళ్ళకెందుకు, సంతకం పెడితే ఫీజంతా నా నెత్తిన పడుతుంది అని. అయ్యా! పడదు! కంట్రిబ్యూటర్‌గా, అంటే ఫారంలో తన వివరాలు ఇచ్చే మనిషిగా, సంతకం పెట్టినంత మాత్రాన ఫీజు కట్టే బాధ్యత మీ మీదకి రాదు. కానీ ఐఆర్ఎస్ (ట్యాక్స్ శాఖ) నుంచి మీ డేటా తీసుకోడానికి మీరు కన్సెంట్ ఇవ్వకపోతే మాత్రం, పిల్ల ఎంత కరెక్ట్‌గా నింపినా ఫెడరల్ సాయం సున్నా. మీరు ట్యాక్స్ ఫైల్ చెయ్యకపోయినా సరే ఆ కన్సెంట్ ఉండాల్సిందే. ఒక్క క్లిక్కండీ! 2025-26లో పెల్ గ్రాంట్ గరిష్ఠం 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేని డబ్బు, అర్హత ఉన్న పిల్లకి అదంతా మీ ఇన్‌బాక్స్‌లో ఇరుక్కుని కూర్చుంటుంది.

ఇంకో వింత వినండి. 18 ఏళ్ళొస్తే ఓటెయ్యొచ్చు. ఫాఫ్సాకి మాత్రం మామూలుగా 24 వచ్చేదాకా డిపెండెంటే, అంటే అమ్మానాన్నల వివరాలు కావాల్సిందే, వేరే ఇంట్లో ఉండి సొంతంగా సంపాదించుకుంటున్నా సరే. పెళ్ళి చేసుకుంటే మాత్రం ఇండిపెండెంట్ అట! పెళ్ళితో స్వతంత్రం రావడం నేనైతే ఇక్కడే చూశా, మా ఆవిడ పక్క గదిలోనే ఉంది, ఇంతకంటే చెప్పను.

మాకెలాగూ రాదులే బ్యాచ్, మీకూ ఉంది. జీతం ఎక్కువైనా సరే, డిపెండెంట్ స్టూడెంట్‌కి ఫస్ట్ ఇయర్లో 5,500 డాలర్ల దాకా ఫెడరల్ లోన్‌కి ఆదాయం అడ్డు కాదు, కానీ ఫాఫ్సా లేకపోతే అదీ లేదు. మేం హెచ్1బీ మీద ఉన్నాం మాకెందుకు అనేవాళ్ళు, పిల్ల ఇక్కడ పుట్టిందా? అయితే సిటిజనే, మీ వీసాతో పనే లేదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ సాయం రాదు, అది వేరే బాధ, దానికి వేరే వీడియో చేస్తా.

ఇప్పుడు లూసియానా సంగతి. ఫాఫ్సా నింపండి, లేదా మాకొద్దని రాసివ్వండి, లేకపోతే డిప్లొమా లేదు అని దేశంలో మొట్టమొదట రూల్ పెట్టింది వాళ్ళే, 2024లో ఎత్తేసిందీ వాళ్ళే. తాళం అమ్మానాన్నల జేబులో ఉంటే పిల్లాడి డిప్లొమా పట్టుకుని లాగడమేంటండీ?

నా థియరీ సింపుల్. ట్యాక్స్ ఫారం 1040 ఉంది కదా, అందులో ప్రెసిడెంట్ ఎన్నికల ఫండ్‌కి 3 డాలర్లు వెళ్ళాలా అని ఒక గడి ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? ఆ పక్కనే ఇంకో గడి పెట్టండి, మా పిల్ల కాలేజీ సాయానికి ఈ వివరాలు వాడుకోండి అని. టిక్. అయిపోయింది. ఎన్నికలకి చోటుంది, పిల్లల చదువుకి లేదా? కావాలనే ఇలా ఉంచారని నా గట్టి అనుమానం, అడిగేవాళ్ళు తగ్గితే ఇచ్చేదీ తగ్గుతుందిగా. ఆధారమేంటి అంటారా, లేదు, అనుమానమే, కామెంట్లలో తిట్టండి పర్లేదు.

ముందు వీడియో ఆపి మీ మెయిల్ తెరవండి. స్పామ్ కూడా చూడండి. ఆ ఇన్వైట్ ఎప్పుడొచ్చి పడుందో తేదీ కింద రాయండి, సిగ్గుపడకండి, మా బావగారిది ఆరు వారాలు.