పచ్చటి క్యాంపస్‌కి ప్లాంటు రూమే ముఖ్యం

[తెర మీద: పైనుంచి తీసిన యూనివర్సిటీ దృశ్యం. చెట్లు, పైకప్పుల మీద సోలార్ పలకలు]

ఏ యూనివర్సిటీ పర్యావరణ నివేదిక తెరిచినా ముందు కనిపించేవి ఇవే. సోలార్ పలకలు, రంగురంగుల చెత్తబుట్టలు, మొక్కలు నాటుతున్న విద్యార్థులు. వీటిలో తప్పేం లేదు. కానీ వేల మంది చదివే క్యాంపస్‌లో ఇంధనం ఎక్కడ ఖర్చవుతోందో తెలియాలంటే ముందు బాయిలర్లుండే ప్లాంటు రూముకి, తర్వాత ల్యాబ్‌లోకి వెళ్లాలి. పదండి.

[తెర మీద: పెద్ద పైపులు, ఆవిరి]

చలి ప్రాంతాల్లోని చాలా పాత క్యాంపస్‌లలో ఒకేచోట నీళ్లు మరిగించి, ఆ ఆవిరిని భూమి లోపలి పైపుల్లో భవనాలన్నిటికీ పంపుతారు. గదికి కావాల్సింది ఇరవై డిగ్రీల చిల్లర. పంపేది వంద దాటిన ఆవిరి. కిలోమీటర్ల పొడవునా దాంట్లో కొంత వేడి దారిలోనే పోతుంది.

ఇంతకంటే విచిత్రం ఇంకొకటి ఉంది. ఒకపక్క బాయిలర్లు గ్యాస్ కాల్చి వేడి పుట్టిస్తుంటాయి. అదే సమయంలో చిల్లర్లు, అంటే భవనాలను చల్లబరిచే యంత్రాలు, సర్వర్ గదుల్లోంచి, ల్యాబ్‌లలోంచి వేడిని లాగి, కూలింగ్ టవర్ల మీదుగా గాలిలోకి వదిలేస్తుంటాయి. అంటే ఒకే క్యాంపస్ ఒక చేత్తో వేడిని కొంటూ ఇంకో చేత్తో పారబోస్తోందన్నమాట.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇంజనీర్లు ఈ రెండు లెక్కల్నీ గంటగంటకూ పక్కపక్కన పెట్టి చూశారు. వేడి కావాల్సిన వేళలు, చల్లదనం కావాల్సిన వేళలు చాలావరకు కలిసిపోతున్నాయని తేలింది. దాంతో 2015లో గ్యాస్ ప్లాంటును పక్కనపెట్టి, పారేసే వేడినే పట్టి తిరిగి వాడే చిల్లర్లు తెచ్చారు. ఆవిరి పోయి వేడినీళ్లు వచ్చాయి. దీనికోసం సుమారు 35 కిలోమీటర్ల కొత్త పైపులు వేశారు, 155 భవనాల కనెక్షన్లు మార్చారు. సోలార్ కరెంటు కొనుగోలుతో కలిపి ఉద్గారాలు మూడింట రెండు వంతులు తగ్గుతాయని అప్పట్లో లెక్క వేశారు. కూలింగ్ టవర్లలో ఆవిరైపోయే నీళ్లూ ఆదా అయ్యాయి. క్యాంపస్ అంతా తవ్వాల్సిన పని కాబట్టే ఇలాంటివి చేసే యూనివర్సిటీలు తక్కువ.

అందరికీ ఇదే దారి కుదరదు. అమెరికాలోనే ఉన్న కార్నెల్ యూనివర్సిటీ పక్కన లోతైన కయూగా సరస్సు ఉంది. అడుగున నీళ్లు ఏడాదంతా నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాయి. 2000 సంవత్సరం నుంచి ఆ చల్లదనంతోనే భవనాలను చల్లబరుస్తున్నారు. సరస్సు నీళ్లు క్యాంపస్‌లోకి రావు. వాటి చల్లదనాన్ని మాత్రమే ఇంకో పైపులోని నీళ్లకు అందిస్తారు. అక్కడిదే ఇంకోటైన బాల్ స్టేట్ యూనివర్సిటీకి అలాంటి సరస్సు లేదు. అక్కడ భూమిలోకి వేల బోర్లు దింపి, వేడికీ చల్లదనానికీ నేలనే వాడుకుంటూ బొగ్గు బాయిలర్లను మూసేశారు.

[తెర మీద: కెమిస్ట్రీ ల్యాబ్. గాజు తలుపున్న ఫ్యూమ్ హుడ్]

ఇక ల్యాబ్. నా లెక్కలో క్యాంపస్‌లో అందరికంటే ఎక్కువ తిని, ఎవరి కంటా పడనిది ఇదే. మామూలు ఆఫీసులో ఏసీ గాలి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రసాయనాలున్న ల్యాబ్‌లో ఆ పని ప్రమాదం. లోపలి గాలిని బయటికి తోసేసి, కొత్త గాలి తెచ్చి, దాన్ని మళ్లీ చల్లబరచాలి లేదా వేడిచేయాలి. గంటకు ఎన్నోసార్లు, రాత్రీ పగలూ. విషవాయువుల్ని లాగే ఒక్క ఫ్యూమ్ హుడ్ అమెరికాలో మూడు ఇళ్లు వాడేదానికంటే ఎక్కువ ఇంధనం మింగగలదని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు.

చాలా కొత్త హుడ్లలో దాని గాజు తలుపు కిందికి దించితే చాలు, ఫ్యాను వేగం తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. హార్వర్డ్‌లో ల్యాబ్‌ల మధ్య దీనికి పోటీలే పెట్టారు. పాత హుడ్లలో గాలి ఎప్పుడూ ఒకే వేగంతో పోతుంది కాబట్టి, అక్కడ తలుపు దించినా బిల్లు పెద్దగా తగ్గదు. ఈ తేడా చెప్పకుండా పోస్టర్లు అంటించడం దండగ.

అలాగే శాంపిల్స్ దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు. చాలా శాంపిల్స్‌కి మైనస్ 70 సరిపోతుంది. ఆ పది డిగ్రీలు పెంచితే ఫ్రీజర్ వాడే కరెంటు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఒప్పించడమే కష్టం. ఏళ్ల పరిశోధన లోపలుంటే మీటను తాకాలంటే ఎవరికైనా టెన్షనే.

[తెర మీద: మెస్‌లో ప్లేట్లు]

మెస్ సంగతి చిన్నదే. ట్రేలు తీసేస్తే విద్యార్థులు తినగలిగినంతే పెట్టుకుంటారు, వృథా తగ్గుతుంది. కడగాల్సిన ట్రేలూ ఉండవు.

[తెర మీద: నివేదికలో ఒక పట్టిక]

చివరిగా, ఇవన్నీ లెక్కలోకి ఎలా వస్తాయి? కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ 2025కల్లా కార్బన్ తటస్థం అవుతామని, అంటే నికర ఉద్గారాలు సున్నాకి తెస్తామని 2013లో ప్రకటించింది. వేరేచోట ఉద్గారాలు తగ్గించినందుకు డబ్బు కట్టి, ఆ తగ్గుదలను తమ ఖాతాలో వేసుకునే ఆఫ్‌సెట్ల పాత్ర ఆ ప్రణాళికలో పెద్దదే. ఆ పద్ధతి మీద విమర్శలు వచ్చాయి. తర్వాత లక్ష్యాన్ని మార్చి, 2045కల్లా తమ సొంత ఉద్గారాలనే నేరుగా 90 శాతం తగ్గించడం మీద దృష్టి పెట్టారు. గడువు వెనక్కి జరిగిందని నవ్వొచ్చు గానీ, నాకైతే ఈ రెండోదే నిజాయితీగా అనిపిస్తుంది.

కాబట్టి మీ యూనివర్సిటీ నివేదిక చేతికొస్తే సోలార్ ఫొటోలు దాటి పట్టికలకు వెళ్లండి. ఏ ఏడాదితో పోల్చి తగ్గిందంటున్నారో చూడండి. ఆఫ్‌సెట్లు తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. ప్రొఫెసర్ల విమాన ప్రయాణాలు, కొన్న పరికరాలు, కొత్త భవనాల సిమెంటు, ఉక్కు లెక్కలో ఉన్నాయో లేదో కూడా. చాలా నివేదికల్లో ఖాళీగా ఉండే గడి ఈ ఆఖరిదే.