ఫ్లాటు కొనే ముందు టులెట్ బోర్డులు చదవండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చారు కాబట్టి చేదు మాట ముందే చెప్పేస్తాను. అద్దెకిచ్చే ఫ్లాటు కొంటే వచ్చే అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని మీకెవరైనా చెప్పారా? ఆయనకు అందులో కమీషన్ ఉందేమో కనుక్కోండి.

లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో 90 లక్షల డబుల్ బెడ్రూం ఫ్లాటు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం కలిపితే దాదాపు 97 లక్షలు. అందులో 70 లక్షలు లోను, 20 ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకోండి. నెలకు 61 వేలు కట్టాలి. అద్దె 25 వేలు వస్తుంది. మిగతా 36 వేలు మీ జీతంలోంచే పోతాయి. ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, రంగులు, గీజరు రిపేరు తీసేస్తే చేతికి మిగిలేది రెండున్నర లక్షలు. పెట్టిన డబ్బు మీద రెండున్నర శాతం కంటే కాస్త ఎక్కువ. బ్యాంకులో ఎఫ్‌డీ వేసి పడుకున్నా ఇంతకు మించే వస్తుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లయితే వడ్డీ వల్ల వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కూడా కుదరదు.

మరి జనం ఎందుకు కొంటున్నారు? రేటు పెరుగుతుందని. నేనూ అందుకే కొన్నాను. అది పందెమని తెలిసి కాస్తే ఇబ్బంది లేదు.

కొత్త ఊరికి వెళ్తే మొదటి రోజు నేను ఒక్క ఫ్లాటు కూడా చూడను. వీధుల్లో తిరిగి టులెట్ బోర్డులు చదువుతాను. అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఉంటే ఆ ఇల్లు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో అర్థమైపోతుంది. అద్దెకొచ్చేవాడిలా నాలుగు నంబర్లకు ఫోన్ చేస్తాను. ‘ఫ్యామిలీకే ఇస్తాం’ అని గట్టిగా అన్నారంటే అక్కడ గిరాకీ బాగుంది. ‘ఎప్పుడు దిగుతారు సార్, అద్దె మాట్లాడుకుందాం’ అన్నారంటే లేదు. బ్రోకర్ చెప్పే అద్దెకీ ఈ ఫోన్లలో తేలే అద్దెకీ నాలుగైదు వేలు తేడా రావడం నాకు మామూలే.

అద్దెకుండేవాళ్లు ఆ ఊళ్లో ఎందుకుంటున్నారన్నది దీనికన్నా పెద్ద ప్రశ్న. విజయవాడ సంగతి మీకు తెలుసు. 2016లో సచివాలయ ఉద్యోగులు వెలగపూడికి తరలివచ్చినప్పుడు విజయవాడలో, గుంటూరులో అద్దెలు ఎగబాకాయి. ఆ ఊపు చూసి కొన్నవాళ్లున్నారు. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చేసరికి వాళ్లకు నిద్ర పట్టలేదు. 2024లో ప్రభుత్వం మారి అమరావతి మళ్లీ లేచింది. మధ్యలో ఆ నాలుగున్నరేళ్లూ ఈఎంఐ మాత్రం ఆగలేదు కదా! హైదరాబాద్ వాళ్లకు నవ్వు వస్తోందేమో, 2020లో మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఖాళీ అయిన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆఫీసులతో పాటు ఆస్పత్రి, కాలేజీ, బజారు కూడా ఉన్నచోట ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరు వస్తారు.

ఇక నా దెబ్బ. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఫ్లాటు కొన్నాను. కాగితాలు కన్నడలో ఉన్నాయి. లిపి మనదానికి దగ్గరే కదా అని ధైర్యంగా చదివేశాను. చదవగలిగాను కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడ నగరపాలక సంస్థ ఆస్తి రికార్డును ఖాతా అంటారు, అందులో ఎ ఖాతా, బి ఖాతా అనే గొడవ ఒకటుందని అక్కడి లాయరు చెప్పేదాకా నాకు తెలియదు. బి ఖాతా అంటే ఇంటిపన్ను కట్టించుకుంటారు కానీ ఆస్తి కాగితాల్లో ఏదో లోపం ఉన్నట్టే. చాలా బ్యాంకులు లోనివ్వడానికి వెనకాడతాయి. అదృష్టం, నాది ఎ ఖాతా. కానీ నేను నీళ్ల సంగతి అడగలేదు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపారు. అద్దెకున్న కుర్రాడు ఇంటి నుంచే పనిచేస్తానని సొంతూరు వెళ్లిపోయాడు. మూడు నెలలు ఖాళీ. మామూలుగా అద్దెకున్నవాళ్లు కట్టే మెయింటెనెన్స్ కూడా ఆ మూడు నెలలు నేనే కట్టాను. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ముందు వాచ్‌మన్‌ని పట్టుకుని ‘ఎండాకాలం ట్యాంకర్లు ఎన్ని వస్తాయి’ అని అడుగుతున్నాను.

వేరే ఊళ్లో కొంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ‘మా బావమరిది చూసుకుంటాడండీ’ అంటారు. నేనూ అలాగే అన్నాను. ట్యాపు కారుతోందని అద్దెకున్నవాళ్లు ఆరుసార్లు ఫోన్ చేసినా ఆయన వెళ్లలేదు. డబ్బిచ్చి పెట్టుకున్న మనిషైతే అడుగుతాం. బావమరిదిని ఏమంటాం? పండక్కి ఎదురుపడాలి! ఇప్పుడు ఏడాదికి ఒక నెల అద్దె ఇచ్చి అక్కడి మనిషినే పెట్టుకున్నాను.

అమెరికా వెళ్లే ప్రయత్నంలో ఉన్నవాళ్లకు ఒక మాట. మీరు ఎన్ఆర్ఐ అయ్యాక మీ అద్దెలోంచి అద్దెకున్నవాళ్లే 31.2 శాతం ఆదాయపు పన్ను (టీడీఎస్) ముందే కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఎక్కువ కోశారనిపిస్తే మీరు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఈ తలనొప్పి ఎందుకని కొందరు అలాంటి ఇంట్లో దిగడమే మానేస్తారు.

కాగితాల గురించి లాయరుగారు మధ్యాహ్నం చెబుతారు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు), హైదరాబాద్ చుట్టుపక్కలైతే చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్, ఇవన్నీ ఆయన మాటే వినండి. ఒక్కటి మాత్రం నేను చెబుతాను. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు మించి గానీ కడితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకానికి పెట్టకూడదు. ప్రీలాంచ్ ఆఫర్ అంటూ తక్కువ రేటుకి ఇస్తున్నది ఆ రిజిస్ట్రేషన్ రాకముందే. 

సరే, ఇక మీ ప్రశ్నలు. ప్రీలాంచ్‌లో ఇప్పటికే అడ్వాన్సు కట్టేసినవాళ్లు, రసీదు ఫోటో ఫోన్లో ఉంటే తీసుకుని ముందు వరసలోకి రండి.