రాత్రి డ్యూటీ లెక్క

నమస్కారం. హైదరాబాద్‌లో ఆసుపత్రులకు కొదవ లేదు, నర్సింగ్ కాలేజీలకూ కొదవ లేదు. మరి నర్సులు చాలడం లేదంటే ఏమిటర్థం? బైపీసీ పిల్లలు, తల్లిదండ్రులు ఇంతమంది వచ్చారు కాబట్టి ఒక లెక్క వేద్దాం.

30 మంచాల జనరల్ వార్డు. ఆరుగురు పేషెంట్లకు ఒక నర్సు అన్న ప్రమాణం తీసుకుంటే షిఫ్టుకు 5 మంది, మూడు షిఫ్టులకు 15. సెలవుల కోసం 30 శాతం కలిపితే దాదాపు 20 మంది. రోస్టర్‌లో 12 మందే ఉన్నారనుకోండి, పగలు ఎలాగో నెట్టుకొస్తారు. కోత పడేది రాత్రికే. ముప్పైమందికి ఇద్దరు మిగులుతారు.

టెంపరేచర్, పల్స్, శ్వాస, బీపీ, ఆక్సిజన్ చూసి చార్టులో రాయడానికి మనిషికి 5 నిమిషాలు. పదిహేనుమందికి 75 నిమిషాలు, అదీ నాలుగు గంటలకోసారి. ఈలోగా యాంటీబయాటిక్ కలపాలి, సెలైన్ మార్చాలి, కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పని ఎక్కువైతే ముందు ఆగిపోయేది ఈ తిప్పడమే. ఎందుకంటే మానేసినా ఆ రాత్రి ఎవరికీ తెలియదు. ఒకే పక్క పడుకున్న ఒత్తిడికి నడుము కింద పడే పుండు నాలుగు రోజులకు బయటపడుతుంది.

తొందరలో ఇన్సులిన్ తప్పు ఇంకా ప్రమాదం. మన దగ్గర సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 మందును 40 సిరంజిలో 10వ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. తెల్లారేలోగా షుగర్ పడిపోవచ్చు. ‘సూది వేసే పనేగా’ అనే బంధువులకు ఈ లెక్క చెప్పండి.

చదువు సంగతి: జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్లు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి బైపీసీ కావాలి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు కావాలంటే జర్మన్ భాష సాధారణంగా బీ2 స్థాయి (తడుముకోకుండా మాట్లాడగలిగే స్థాయి) దాకా రావాలి. ఎంబీబీఎస్ సీటు రాలేదని ఇటు వచ్చినవాళ్లు అనాటమీ దగ్గర ఆగరు, మొదటి బెడ్‌పాన్ (మంచం మీదే మలమూత్రాలకు పెట్టే పాత్ర) దగ్గర ఆగిపోతారు. ఆ సంగతి ఇంట్లోనే తేల్చుకోండి.

కాలేజీ చూడ్డానికి వెళ్తే బిల్డింగ్ వదిలేసి ప్రాక్టికల్స్ జరిగే ఆసుపత్రికి వెళ్లండి. మంచాల్లో పేషెంట్లున్నారా? ఖాళీ మంచం మీద కాన్యులా (సెలైన్ కోసం నరంలోకి ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడం రాదు.

ఉద్యోగంలో చేరేటప్పుడు బాండ్ (ఇన్నాళ్లు పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం) పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగేవాళ్లుంటారు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. జీతం అడిగాక ‘రాత్రి ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు?’ అనీ అడగండి. హెచ్ఆర్‌ను కాదు, నైట్ డ్యూటీ దిగి గేటు దగ్గర టీ తాగుతున్న సిస్టర్‌ను.